చిలుక రెక్కకు కత్తెర.. తెలిసి వేస్తేనే మేలు

* రామచిలుకను పంజరంలో ఉంచడమే నేరం
* విదేశీ పక్షులకైనా అవసరమైతేనే కత్తిరించాలి
* ఒక్క లేత ఈక తెగినా ప్రాణం మీదికి రావచ్చు

శ్రీకాళహస్తి: సాయంత్రం వేళ పంజరం తలుపు తీస్తారు. చిలుక బయటకు వచ్చి ఇంటివారి భుజం మీద వాలుతుంది. అంతలో వంటింట్లో కుక్కరు కూత వేస్తుంది. బెదిరిన పక్షి ఒక్కసారిగా పైకి లేచి తిరుగుతున్న ఫ్యాను రెక్కకు తగులుతుంది. లేదంటే తెరిచి ఉన్న కిటికీలోంచి వెళ్లిపోయి మళ్లీ కనిపించదు. చిలుకలను పెంచుకునే ఇళ్లలో తరచూ వినిపించే కథే ఇది. ఇలాంటి ప్రమాదం ఒకటి జరిగాకో, జరుగుతుందన్న భయంతోనో చాలామంది కత్తెర పట్టుకుంటారు. రెక్క ఈకలు కాస్త కత్తిరిస్తే పక్షి ఇంట్లోనే ఉంటుందన్నది వారి ఆలోచన.

ఆ ఆలోచనలో తప్పు లేకపోయినా ఆచరణలోనే పక్షుల ప్రాణాలు పోతున్నాయి. ఒకే రెక్కను కత్తిరించడం, మొదలు దాకా కోసివేయడం, నెత్తురు పారుతున్న లేత ఈకను తెంచడం వంటి పొరపాట్లతో పక్షి ఎగరలేక నేలకు కొట్టుకుని రొమ్ము పగిలి చనిపోయే ప్రమాదం ఉంది. మరోవైపు ఏ చిలుకను పెంచుకోవచ్చు, దేనిని పెంచరాదు అన్న విషయంలోనూ అవగాహన తక్కువగా ఉంది. ఈ నేపథ్యంలో రెక్కల కత్తిరింపు గురించి పక్షి ప్రియులు తెలుసుకోవలసిన విషయాలివి.

ముందుగా ఏ చిలుకో చూడండి

చిలుకతో తెలుగువారి అనుబంధం ఈనాటిది కాదు. మధుర మీనాక్షి చేతిలో చిలుక, గోదాదేవి చేతిలో చిలుక, మన్మథుడి వాహనం చిలుక. కలంకారీ వస్త్రాలపై లతల నడుమ చిలుకలు కనిపిస్తాయి. పుణ్యక్షేత్రాల వీధుల్లో చీటీ తీసే జోస్యం చిలుక కూడా ఎన్నో తరాలుగా చూస్తున్నదే. ఈ అలవాటు వల్లనే రామచిలుకను పెంచుకోవడంలో తప్పేముందని చాలామంది అనుకుంటారు. చట్టం మాత్రం వేరుగా చెబుతోంది.

మన తోటల్లో, కొండల్లో కనిపించే చిలుకలన్నీ వన్యప్రాణులే. మెడ చుట్టూ నలుపు, గులాబీ రంగు వలయం ఉండే రామచిలుక, భుజాన ఎర్రటి మచ్చ ఉండే పెద్ద చిలుక, రేగుపండు రంగు తల ఉండే చిలుక ఈ కోవలోకి వస్తాయి. రామచిలుకల్లో మెడ వలయం మగపక్షికే ఉంటుంది, అది కూడా సుమారు మూడేళ్ల వయసుకు గానీ రాదు. కాబట్టి వలయం లేదు కనుక ఇది రామచిలుక కాదనడానికి వీల్లేదు. వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972 వీటిని పట్టడాన్ని, అమ్మడాన్ని, కొనడాన్ని, ఇంట్లో ఉంచుకోవడాన్ని నిషేధిస్తోంది. 1990ల ఆరంభం నుంచి దేశీయ అడవి పక్షుల వ్యాపారంపై నిషేధం అమలులో ఉంది. 2022లో చట్టానికి చేసిన సవరణ 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చింది. దాని ప్రకారం ఈ చిలుకలు రెండో షెడ్యూలులో ఉన్నాయి. నేరం రుజువైతే మూడేళ్ల వరకు జైలు లేదా లక్ష రూపాయల వరకు జరిమానా లేదా రెండూ పడవచ్చు.

అంటే రామచిలుక విషయంలో రెక్క ఎలా కత్తిరించాలన్న ప్రశ్నే తలెత్తదు. దానిని ఉంచుకోవడమే నేరమైనప్పుడు రెక్కను కత్తిరించడం ఆ నేరాన్ని మరింత పెంచుతుందే తప్ప తగ్గించదు. సంతలో నీలం, పసుపు రంగుల్లో కనిపించే వలయం చిలుకలు కూడా జాతిరీత్యా రామచిలుకలే. రంగు మారినంత మాత్రాన జాతి మారదు. అలాంటి వాటిని కొనే ముందు అటవీశాఖ అధికారులను సంప్రదించడం మంచిది.

ఇళ్లలో చట్టబద్ధంగా పెంచుకునే అవకాశం ఉన్నవి విదేశీ జాతులు. మన దగ్గర 'లవ్‌బర్డ్స్' పేరుతో జతలుగా అమ్మే చిన్న పక్షుల్లో ఎక్కువ భాగం ఆస్ట్రేలియాకు చెందిన బడ్జెరిగార్లు. తల మీద కుచ్చు ఉండే కాకటీల్‌దీ ఆ దేశమే. అసలైన లవ్‌బర్డ్‌లు, బూడిద రంగు ఆఫ్రికన్ గ్రే చిలుకలు ఆఫ్రికావి. మకావ్, కోన్యూర్ జాతులు అమెరికా ఖండాలవి. వీటిలో ఆఫ్రికన్ గ్రే, మకావ్ వంటివి అంతర్జాతీయ వన్యప్రాణి వాణిజ్య ఒప్పందం జాబితాల్లో ఉన్నాయి. ఆ జాబితాల్లోని పక్షిని ఇంట్లో ఉంచుకునేవారు 2024లో వచ్చిన కేంద్ర నిబంధనల ప్రకారం పరివేష్ పోర్టల్‌లో నమోదు చేసుకోవాలి. బడ్జెరిగార్, కాకటీల్ ఆ జాబితాల్లో లేవు. ఏ పక్షి కొన్నా రసీదు భద్రపరచుకోవాలి. ఇక్కడి నుంచి చెప్పేదంతా ఇలాంటి విదేశీ పెంపుడు పక్షుల గురించే.

కత్తిరింపు ఎందుకు?

రెక్కలను కత్తిరించేది పక్షిని కదలకుండా కట్టిపడేయడానికి కాదు. ఎత్తుకు, వేగంగా ఎగరకుండా చూడడానికి మాత్రమే. సరిగ్గా కత్తిరించిన పక్షి భుజం మీద నుంచి జారితే రాయిలా పడదు. రెక్కలు చాచి ఏటవాలుగా తేలుతూ నాలుగైదు అడుగుల అవతల నేలపై వాలుతుంది. ఇదే కొలమానం. ధబ్బున పడిందంటే కత్తిరింపు ఎక్కువైందని అర్థం. గది పైకప్పు దాకా లేచిందంటే ప్రయోజనం లేదని అర్థం.

ఇంట్లో తిరిగే పక్షికి ప్రమాదాలు చాలా ఉన్నాయి. మన ఇళ్లలో మొదటిది సీలింగు ఫ్యాను. తరువాతివి కాగుతున్న నూనె మూకుడు, మూత లేని నీళ్ల డ్రమ్ము, నిలువుటద్దం, కిటికీ గాజు, పెంపుడు పిల్లి. కొత్తగా ఇంటికి వచ్చిన పక్షి మనిషి చేతికి అలవాటు పడేవరకు కొన్నాళ్లు ఎగరకుండా ఉంటే శిక్షణ తేలికవుతుందని కూడా కొందరు భావిస్తారు.

అయితే ఎగరడం పక్షికి వినోదం కాదు, ఆరోగ్యం. గుండెకు, ఊపిరికి, రొమ్ము కండరాలకు అదే వ్యాయామం. ఎగరని పక్షి నూనె గింజలు తింటూ కూర్చుంటే కొవ్వు పట్టి కాలేయం చెడుతుంది. భయం కలిగినప్పుడు తప్పించుకునే దారి లేకపోతే కొన్ని పక్షులు కరవడం మొదలుపెడతాయి. మరికొన్ని తమ ఈకలు తామే పీక్కుంటాయి. అందుకే కత్తిరింపు ప్రతి పక్షికీ చేయవలసిన పని కాదని, వేరే దారి లేనప్పుడే చేయాలని పక్షి వైద్యుల్లో చాలామంది సూచిస్తున్నారు.

రెక్కలో ఏముంది?

చిలుక రెక్క విప్పి చూస్తే వెనుక అంచున పొడవాటి ఈకలు వరుసగా కనిపిస్తాయి. మన అరచేతికి సమానమైన చివరి భాగం నుంచి పుట్టేవి పది పెద్ద ఈకలు. గాలిని వెనక్కి నెట్టి పక్షిని ముందుకు నడిపేవి ఇవే. వాటికి లోపలగా, ముంజేతికి సమానమైన భాగం నుంచి పుట్టే ఈకలు పక్షిని గాలిలో నిలిపి ఉంచుతాయి. ఈ రెండు వరుసల మొదళ్లను పైనుంచి పొట్టి ఈకలు కప్పుతాయి. కత్తిరించదగ్గవి చివరి పది పెద్ద ఈకల్లో కొన్ని మాత్రమే. లోపలి వరుసను ఎట్టి పరిస్థితుల్లోనూ తాకరాదు. పక్షి మెల్లగా దిగేందుకు ఆధారం అవే.

పూర్తిగా ఎదిగిన ఈక మన గోరు వంటిది. గోరు ఏ పదార్థంతో తయారవుతుందో ఈక కూడా ఆ పదార్థంతోనే తయారవుతుంది. అందులో నెత్తురు, నరాలు ఉండవు కాబట్టి కత్తిరిస్తే నొప్పి ఉండదు. ఎదుగుతున్న ఈక అలా కాదు. దాని కాడలో నెత్తురు ప్రవహిస్తూ ఉంటుంది. ఎదిగిన ఈక కాడ తెల్లగా, పారదర్శకంగా కనిపిస్తుంది. లేత ఈక కాడ ముదురు నీలం లేదా నలుపు రంగులో లావుగా, మొదట మైనపు తొడుగుతో ఉంటుంది. ఈ తేడా గుర్తించలేనివారు కత్తెర పట్టుకోకూడదు.

కత్తిరించిన ఈక మళ్లీ పొడవు పెరగదు. మిగిలిన మోడు ఊడి, దాని స్థానంలో కొత్త ఈక వచ్చినప్పుడే రెక్క మునుపటిలా అవుతుంది. ఈకలు రాల్చి కొత్తవి వేసుకునే ఈ ప్రక్రియ చాలా జాతుల్లో సుమారు ఏడాదికి ఒకసారి జరుగుతుంది. అన్నీ ఒకేసారి రాలవు. రెండు రెక్కల్లో ఒక్కొక్కటిగా జతలుగా రాలుతాయి. అందువల్ల కత్తిరింపు ప్రభావం కొన్ని నెలల్లో కొద్దికొద్దిగా తగ్గుతూ పోతుంది.

వీటికి వద్దు

కొన్ని పక్షులకు కత్తిరింపు అసలే తగదు. గూటి నుంచి వచ్చి ఇంకా ఎగరడం నేర్వని పిల్లకు ఈకలు కత్తిరించరాదు. ముందు అది బాగా ఎగరడం, దిగడం నేర్చుకోవాలి. ఎగరడం ఎరుగని పిల్ల పెద్దయ్యాక తడబడుతూ, బెదురుతూ ఉంటుంది. జబ్బుగా ఉన్నవి, బక్కచిక్కినవి, గుడ్లు పెడుతున్నవి, ఈకలు రాలుస్తున్నవి, ఇదివరకే ఈకలు పీక్కునే అలవాటున్నవి కూడా ఈ జాబితాలోవే. పెద్ద పంజరంలో గుంపుగా ఉండే బడ్జెరిగార్లకు కత్తిరింపు అవసరమే లేదు. వాటిలో ఒకదానికి కత్తిరిస్తే మిగతావి దానిని పొడుస్తున్నప్పుడు తప్పించుకోలేదు.

ఆఫ్రికన్ గ్రే విషయంలో మరింత జాగ్రత్త కావాలి. నాలుగు, ఐదు వందల గ్రాముల బరువుండే ఈ పక్షి శరీరం బరువు, రెక్క వైశాల్యం తక్కువ. నాలుగు ఈకలు ఎక్కువ కత్తిరిస్తే చాలు, రొమ్ము ఎముక నేలకు తగిలేలా పడుతుంది. అక్కడి చర్మం చిట్లి, మానేలోగా మళ్లీ పడి, మళ్లీ చిట్లి పుండవుతుంది. సన్నగా, తేలికగా ఉండే కాకటీల్ దీనికి పూర్తి భిన్నం. తొంభై గ్రాముల ఆ పక్షి కొన్ని ఈకలు లేకపోయినా సులువుగా ఎగిరిపోతుంది. అన్ని పక్షులకూ ఒకే లెక్క పనికిరాదనడానికి ఇదే కారణం.

కత్తిరించే విధానం

మొదటిసారి పశువైద్యుని చేతనే చేయించాలి. పక్కన నిలబడి చూసి నేర్చుకోవాలి. శ్రీకాళహస్తికి నలభై కిలోమీటర్ల లోపే ఉన్న తిరుపతిలో 1955లో ఏర్పాటైన పశువైద్య కళాశాల ఉంది. ఇప్పుడది 2005లో ఏర్పడిన శ్రీ వెంకటేశ్వర పశువైద్య విశ్వవిద్యాలయం పరిధిలో ఉంది. పక్షిని తీసుకువెళ్లే ముందు అక్కడ పక్షులను చూసే వైద్యులు ఏ వేళల్లో ఉంటారో విచారించుకోవాలి. పక్షిని బస్సులో, ఆటోలో తీసుకువెళ్లేటప్పుడు పంజరంపై పలుచని గుడ్డ కప్పాలి, గాలి ఆడేలా చూడాలి.

సమయం: వేసవిలో మన ప్రాంతంలో ఎండ నలభై డిగ్రీలు దాటుతుంది. పక్షికి చెమట పట్టదు. నోరు తెరిచి రొప్పడం ద్వారానే ఒంటి వేడి తగ్గించుకుంటుంది. గుడ్డలో చుట్టి పట్టుకుంటే ఆ వేడి మరింత పెరుగుతుంది. కాబట్టి చల్లని ఉదయం వేళ, పక్షి తిన్న వెంటనే కాకుండా కాస్త ఆగి చేయాలి.

గది: తలుపులు, కిటికీలు మూయాలి. ఫ్యాను ఆపాలి. వెలుతురు బాగా ఉండాలి. పిల్లి, కుక్క దరిదాపుల్లో ఉండరాదు. పదునైన చిన్న కత్తెర, శుభ్రమైన దూది, మొక్కజొన్న పిండి ముందే సిద్ధంగా పెట్టుకోవాలి.

పట్టుకోవడం: ఇద్దరు మనుషులు తప్పనిసరి. ఒకరు పలుచని తువ్వాలుతో పక్షిని వెనుకనుంచి పట్టుకుని, బొటనవేలు, చూపుడువేలు తల ఇరుపక్కలా దవడల దగ్గర ఉంచాలి. రొమ్మును నొక్కరాదు. ఇది అన్నిటికన్నా ముఖ్యం. పక్షికి మనలాగా ఉదర వితానం ఉండదు. రొమ్ము ఎముక ముందుకు, వెనక్కి కదిలితేనే ఊపిరి ఆడుతుంది. రొమ్ము గట్టిగా పట్టుకుంటే గొంతు పట్టుకోకపోయినా పక్షి ఊపిరాడక చనిపోతుంది. ఒకటి, రెండు నిమిషాలకు మించి పట్టుకోకూడదు. నోరు తెరిచి రొప్పడం, తోక పైకీ కిందికీ ఊగడం, కళ్లు వాల్చడం కనిపిస్తే వెంటనే వదిలేయాలి. మిగిలింది మరునాడు చేసుకోవచ్చు.

కత్తిరించడం: రెండోవారు రెక్కను భుజం దగ్గర, ఎముక ఉన్నచోట పట్టుకుని మెల్లగా విప్పాలి. ఈకల కొనలు పట్టి లాగరాదు. ముందుగా కింది వైపు నుంచి ప్రతి ఈక కాడను వెలుతురులో పరిశీలించాలి. లేత ఈక కనిపిస్తే దాన్ని, దానికి ఇరువైపులా ఉన్న ఒక్కొక్క ఈకను వదిలేయాలి. పక్కవాటి ఆసరా లేకపోతే లేత ఈక చిన్న దెబ్బకే విరుగుతుంది. తరువాత చిట్టచివరి ఈక నుంచి మొదలుపెట్టి ఒక్కొక్క ఈకనే కత్తిరించాలి. నాలుగైదు ఈకలు ఒకేసారి కత్తెరలో పెట్టరాదు. పైన కప్పే పొట్టి ఈకల అంచు ఎక్కడ ముగుస్తుందో దానికి దిగువనే కత్తెర పడాలి. అంతకన్నా పైకి పోతే మోడు గరుకుగా ఒంటికి గుచ్చుకుంటుంది, పక్షి దానిని కొరుకుతూనే ఉంటుంది.

ఎన్ని: మొదట ప్రతి రెక్కకు మూడు లేదా నాలుగు చాలు. బరువైన పక్షికి అక్కడే ఆపాలి. పక్షిని వదిలి, తేరుకున్నాక దుప్పటి పరిచిన నేలకు అడుగు, అడుగున్నర ఎత్తులో చేతి మీద నుంచి దిగనిచ్చి చూడాలి. ఇంకా పైకి ఎగురుతుంటే ప్రతి రెక్కకు ఒక్కొక్కటి చొప్పున మరొకటి తీయాలి. కాకటీల్ వంటి తేలికపాటి పక్షికి ఆరేడు వరకు అవసరం కావచ్చు. తక్కువైతే తరువాత తీయవచ్చు, ఎక్కువ తీస్తే మాత్రం నెలల తరబడి ఎదురుచూడడం మినహా మార్గం లేదు.

తరచూ చేసే తప్పులు

* ఒకే రెక్కను కత్తిరించడం: పడవకు ఒకవైపే తెడ్డు వేసినట్లవుతుంది. పక్షి గిరగిరా తిరుగుతూ అదుపు తప్పి పడుతుంది. రెండు రెక్కలకూ సమానంగా కత్తిరించాలి.

* అందం కోసం చివరి రెండు ఈకలు ఉంచడం: మడిచినప్పుడు రెక్క బాగా కనిపిస్తుందని ఇలా చేస్తారు. పక్కన ఆసరా లేని ఆ రెండు ఈకలు పంజరం ఊచల్లో చిక్కుకుని విరుగుతాయి.

* ఈకలు పీకడం: పీకితే ఈక పుట్టే కుదురు దెబ్బతింటుంది. మళ్లీ వచ్చే ఈక వంకరగా రావచ్చు, అసలు రాకపోవచ్చు. ఇది నొప్పి కలిగించే హింస కూడా.

* రెక్క కొసను కోయడం: ఎముకతో సహా రెక్క చివర తీసివేస్తే పక్షి జీవితాంతం ఎగరలేదు. ఇది కత్తిరింపు కాదు, అవయవాన్ని ఖండించడం. జంతువుల అవయవాలను ఖండించడం జంతు హింస నివారణ చట్టం, 1960 ప్రకారం నేరం.

* రెక్కలకు దారం, టేపు, రబ్బరు బ్యాండు చుట్టడం: నెత్తురు ఆడక రెక్క కుళ్లుతుంది.

నెత్తురు కారితే..

పక్షి ఒంట్లోని నెత్తురు దాని బరువులో పదో వంతు మాత్రమే. ముప్ఫై గ్రాముల బడ్జెరిగార్‌లో ఉండేది సుమారు మూడు మిల్లీలీటర్లు, అంటే చిన్న టీ చెంచాడు కూడా కాదు. ఆరోగ్యంగా ఉన్న పక్షి అందులో పదో వంతు పోతే తట్టుకుంటుంది. అది లెక్కకు ఆరు చుక్కలు. మనకు చిన్న గాయంగా కనిపించేది ఆ పక్షికి ఎంత పెద్దదో దీన్నిబట్టి తెలుస్తుంది.

లేత ఈక తెగి నెత్తురు కారుతుంటే కంగారు పడకూడదు. పక్షిని తువ్వాలులో పట్టుకుని, తెగినచోట మొక్కజొన్న పిండి అద్ది, శుభ్రమైన దూదితో రెండు మూడు నిమిషాలు మెల్లగా అదిమి ఉంచాలి. సున్నం, కిరసనాయిలు వంటివి పెట్టరాదు. అవి చర్మాన్ని కాలుస్తాయి. ముక్కుతో నాకితే లోపలికి కూడా పోతాయి. నెత్తురు ఆగాక పక్షిని వెలుతురు తక్కువగా ఉన్న ప్రశాంతమైన చోట గంటసేపు ఉంచి గమనించాలి. ఐదు నిమిషాల్లో ఆగకపోయినా, ఆగి మళ్లీ కారినా వెంటనే వైద్యుని వద్దకు తీసుకుపోవాలి. తెగిన లేత ఈకను కుదురుతో సహా తీయవలసి వస్తే అది వైద్యుడు చేయవలసిన పని. ఇంట్లో ప్రయత్నించరాదు.

కత్తిరించామని ఆదమరవద్దు

రెక్క కత్తిరించాం కదా అని చిలుకను భుజాన పెట్టుకుని వీధిలోకి, మేడపైకి వెళ్లేవారున్నారు. అన్నిటికన్నా ప్రమాదకరమైన అలవాటు ఇదే. నాలుగు గోడల మధ్య గాలి కదలదు. బయట కదులుతుంది. ఎదురుగాలి ఒక్కటి వీస్తే కత్తిరించిన రెక్కకూ ఎత్తు దొరుకుతుంది. వాయులింగ క్షేత్రంలో ఉండేవారికి గాలి బలం గురించి వేరే చెప్పనక్కర్లేదు. అలా లేచిన పక్షి చెట్టు కొమ్మ మీదికి చేరుతుంది గానీ అక్కడి నుంచి అదుపుగా దిగలేదు, కాకి తరిమితే తప్పించుకోలేదు. పూర్తి రెక్కలున్న పక్షి కంటే దానికే ముప్పు ఎక్కువ. ఆరుబయటికి తీసుకువెళ్లాలంటే పంజరంలోనే తీసుకువెళ్లాలి.

ఇంట్లోనూ కొన్ని మార్పులు చేయాలి. కర్రలు, ఊయల కిందికి దించాలి. పంజరం అడుగున మెత్తని గుడ్డ లేదా కాగితాలు పరచాలి. పైకి ఎక్కేందుకు వేప, జామ కొమ్మలు నిచ్చెనలా కట్టవచ్చు. నేల మీద నడిచే పక్షి కాళ్ల కింద పడకుండా ఇంట్లో అందరూ చూసి నడవాలి. నెలకోసారి రెక్క విప్పి చూడాలి. ఒక్కో రెక్కకు రెండు మూడు కొత్త ఈకలు వచ్చినా పక్షి కిటికీ దాటగలదు. కత్తిరించి ఏడాదైందన్న సంగతి మరిచిపోయిన ఇళ్ల నుంచే చాలా పక్షులు ఎగిరిపోతుంటాయి.

కత్తెర లేకుండా..

కొంచెం ఓపిక ఉంటే కత్తిరింపు లేకుండానే చిలుకను క్షేమంగా పెంచవచ్చు. కిటికీలకు దోమతెర వలె ఇనుప జాలీ బిగించడం మొదటి మెట్టు. ఇంటి గుమ్మానికి లోపల మరో జాలీ తలుపు ఉంటే ఒకటి మూసి మరొకటి తెరవవచ్చు. పక్షి బయట ఉన్నంతసేపు ఫ్యాను ఆపడం ఇంటిల్లిపాదీ పాటించే నియమం కావాలి. వేసవిలో అది కష్టమైతే పక్షిని వదిలే వేళను తెల్లవారుజాముకు మార్చుకోవచ్చు. వంట జరుగుతున్నప్పుడు పక్షి పంజరంలోనే ఉండాలి. మాడిన నాన్‌స్టిక్ పెనం నుంచి వచ్చే పొగ మనకు తెలియకుండానే పక్షి ప్రాణం తీస్తుంది. దోమల చుట్ట పొగ కూడా మంచిది కాదు. కిటికీ గాజుకు తెర వేయాలి లేదా కాగితపు ముక్కలు అంటించాలి.

పిలిస్తే వచ్చేలా నేర్పడం మరో మార్గం. పక్షికి ఇష్టమైన తిండి, జొన్న గింజలో జామ ముక్కో చేతిలో చూపి ఒకే మాటతో పిలవాలి. మొదట జానెడు దూరం నుంచి, తరువాత బారెడు, తరువాత గది ఈ చివర నుంచి ఆ చివరకు. రోజుకు పది నిమిషాలు చాలు. ఇలా నేర్చిన పక్షి పొరపాటున బయటకు పోయినా ఆ పిలుపు విని తిరిగి వచ్చే అవకాశం ఉంది. స్థలం ఉన్నవారు పెరట్లోనో మేడ మీదనో నాలుగు వైపులా జాలీతో నీడ ఉండేలా పెద్ద గూడు కట్టిస్తే పక్షికి ఎగరడం, యజమానికి నిశ్చింత రెండూ దక్కుతాయి.

రెక్కలు తెగిన రామచిలుక కనిపిస్తే..

పట్టణంలో, పల్లెల్లో రెక్కలు కత్తిరించిన రామచిలుకలు రోడ్డు పక్కన, చెట్ల కింద దొరకడం కొత్త కాదు. పంజరం నుంచి తప్పించుకున్నవి కొన్ని, కేసు భయంతో యజమానులే వదిలేసినవి కొన్ని. జాలిపడి ఇంటికి తెచ్చుకుంటే చట్టం దృష్టిలో అది మన తప్పవుతుంది. అప్పటికప్పుడు అడవిలో వదిలినా తప్పే. ఎగరలేని చిలుక ఆ రాత్రి గడపడమే కష్టం. అట్ట పెట్టెకు గాలి రంధ్రాలు చేసి, అడుగున గుడ్డ పరిచి పక్షిని అందులో ఉంచి, అటవీశాఖ కార్యాలయానికి తెలిపి అప్పగించాలి. కొత్త ఈకలు వచ్చేదాకా సంరక్షించి, ఎగరగలదని చూసుకున్నాక వదలడం వారి బాధ్యత. ఈకలు త్వరగా వస్తాయని మోడులు పీకే ప్రయత్నం చేయరాదు.

ఇదివరకే ఇంట్లో రామచిలుక ఉన్నవారు కూడా దానిని తోటలోకి వదిలి చేతులు దులుపుకోకుండా అటవీశాఖ అధికారులను సంప్రదించి అప్పగించడమే మేలు. ఏళ్ల తరబడి చేతి ముద్దకు అలవాటు పడిన చిలుకకు తిండి వెతుక్కోవడం, డేగను చూసి దాక్కోవడం రావు. పదేళ్లు కన్నబిడ్డలా సాకినదాన్ని ఇచ్చివేయడం ఏ ఇంటికైనా బాధాకరమే. కానీ రామచిలుక పాతికేళ్లకు పైగా బతికే పక్షి. ఇన్నేళ్లూ ఊచల వెనుక ఉంచడమా, మిగిలిన ఆయుష్షులో ఎగిరే అవకాశం ఇవ్వడమా అన్నది ఆలోచించుకోవాలి.

చివరగా ఒక్క మాట. కత్తెర పట్టుకునే ముందు ప్రతి యజమానీ మూడు ప్రశ్నలు వేసుకోవాలి. ఈ పక్షిని ఉంచుకోవడానికి చట్టం ఒప్పుతుందా? దీని ఈకల్లో నెత్తురున్నదేదో, లేనిదేదో గుర్తించగలనా? ఫ్యాను ఆపి, కిటికీకి జాలీ కొడితే ఈ పని తప్పుతుందా? మొదటి రెండింటికి అవునని, మూడోదానికి కాదని సమాధానం వస్తేనే కత్తెర తీయాలి. అప్పుడు కూడా ఒక ఈక తక్కువే కత్తిరించాలి.